కథలోని భయము, ఊరిలోని భయము



యండమూరి వీరేంద్రనాథ్ రచించిన 'తులసిదళం' 1980వ దశకపు తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగా వెలువడుచున్న కాలమున, సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గముపై నున్న జనగామలోను, కాజీపేట నుండి విజయవాడకు దిగు మార్గముపై నున్న మహబూబాబాదులోను (మనవారి నోట అది నేటికిని మానుకోటయే) పత్రిక చేరు దినము కొరకు ఎదురుచూచిన కుటుంబములు ఎన్నియో కలవు. ఒక్క ప్రతి ఒక వాడకెల్ల సరిపోయెడిది. ఉపాధ్యాయుని యింట మొదట విప్పబడి, ఆ యింటి ఇల్లాలి చేతికి, ఆమె నుండి ఇరుగుపొరుగు ఆడపడుచులకు, వారి నుండి కళాశాలకు పోవు పిల్లలకు చేరి, అంచులు నలిగి, అట్ట ఊడి, తుదకు ఎవరి సొత్తో తెలియని స్థితికి వచ్చుచుండెను. తరువాత నవల పుస్తకరూపము దాల్చి, బస్‌స్టాండుల చెంతనుండు అద్దెపుస్తకముల దుకాణములకు వచ్చినది. మరికొంత కాలమునకు, గనులు తెరచి కార్మిక కుటుంబములు వచ్చి స్థిరపడిన భూపాలపల్లికిని చేరినది.

ఆ పాఠకులందరును దానిని ఒక్క తీరుగా చదువలేదు. పదునైన కథ దొరకినదని పరవశించి, అధ్యాయము ముగిసిన చోట రచయితను తిట్టుకొనుచు మరుసటి వారము కొరకు దినములు లెక్కించినవారు కొందరు. చదివిన రాత్రి దీపమార్పుటకు జంకినవారు కొందరు. చిన్నబిడ్డలున్న యింట ఇట్టి కథ ఉండరాదని పత్రికను దాచివేసి, కథలోని తులసి గతి ఏమగునో తెలియక ఉండలేక తామే మరల వెదకి తీసిన తల్లులు కొందరు. కోట ముందు దీపము పెట్టి మ్రొక్కు తులసి పేరు క్షుద్రపూజల కథకు తగిలించుట ఏమి న్యాయమని నొచ్చుకొన్న భక్తులు కొందరు. వీరందరికిని దూరముగా, పుస్తకమును ముట్టుటకే ఇచ్చగింపక, ఇది ప్రజల మీద విషప్రయోగమని కోపించినవారును ఉండిరి; 1946 జూలై 4వ తేదీన కడవెండిలో రైతుపోరాటమున దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తాలూకాలో, సంఘము (ఆంధ్రమహాసభ) పెట్టిన చదువులతోను వాదములతోను ఎదిగిన కుటుంబములు గల జనగామలో, అట్టి కోపము వినబడక పోయినచో ఆశ్చర్యపడవలెను గాని వినబడుటలో వింత లేదు.

అయితే నన్ను అన్నింటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ మెప్పుగాని, ఈ కోపముగాని కాదు. అక్షరములు కూడబలుకుకొనియో, ఒకరు చదువగా వినియో ఈ కథను తెలిసికొన్న గ్రామీణుల నోట వినవచ్చిన ఒక మాట: "పుస్తకంల రాసిన్రంటె ఉత్తదెట్లయితది?" నవలను గూర్చి విమర్శకులు వ్రాసిన పుటలన్నింటికంటె ఈ ఒక్క ప్రశ్న బరువైనది. అచ్చుపడిన అక్షరమును సత్యముతో సమానముగా చూచు గౌరవము, రామాయణభారతములను, బసవపురాణమును, భాగవతమును వినుచు తరతరములుగా మనవారికి అలవడిన గౌరవము, ఆ ప్రశ్నలో నున్నది. ఆ గౌరవమును పొందు రచయితకు, ఆ గౌరవమునకు తగిన బాధ్యతయు వచ్చి చేరును.

కథ మీలో పెక్కుమందికి తెలిసినదే. తులసి యను చిన్నపిల్ల. ఆమె పేర నున్న ఆస్తి. ఆ ఆస్తిపై కన్నువేసిన దురాశాపరులు. వారు ఆశ్రయించిన కాద్రా యను మంత్రగాడు. అతడు ప్రయోగించిన కాష్మోరా యను క్షుద్రశక్తి. దినదినమునకు క్షీణించిపోవుచున్న ఆ బిడ్డను కాపాడుటకు ఒక దిక్కున మంత్రశక్తిని మంత్రశక్తితో ఎదుర్కొనువారు పోరాడుచుండగా, మరొక దిక్కున వైద్యులు, మనశ్శాస్త్రము నెరిగినవారు, ఇది మనస్సునకు పట్టిన వ్యాధి యని నమ్మి తమ మార్గమున తాము శ్రమింతురు. ఈ రెండు మార్గములును కథలో ప్రక్కప్రక్కనే పరుగెత్తును. బిడ్డను బ్రతికించినది ఏది యని అడిగినచో, మంత్రమును నమ్మినవాడు మంత్రమనియు, శాస్త్రమును నమ్మినవాడు శాస్త్రమనియు, ఎవరికి వారు తృప్తిపడి పుస్తకము మూయవచ్చును. నిర్మాణమున ఇది సామాన్యమైన నేర్పు కాదు. చిన్న చిన్న వాక్యములతో వేగము పుట్టించుట, వైద్యపరిభాషను పామరునికి గూడ ఆసక్తి కలుగునట్లు కథలో కలుపుట, ఒక్కొక్క ప్రకరణమును ఒక్కొక్క ఉరకతో ముగించుట, తెలుగు ధారావాహిక నవలకు ఈ రచయిత చేసిన మేలు అని నేను నిస్సంకోచముగా చెప్పగలను. కుటుంబగాథలకు, ప్రేమగాథలకు అలవడిన వారపత్రికల పాఠకలోకమును ఒక్క నవల మరొక దారికి మరల్చినది.

కాని తగవు పుట్టినదియు ఆ నేర్పు నుండియే. ఇరుపక్షములకును సమానమైన పీట వేయుట కథకు న్యాయము కావచ్చును. ఇరుపక్షములును లోకములో సమానముగా నున్నవా అని అడుగువాడు పాఠకుడే. నగరములోని పాఠకునకు మంత్రపక్షము ఒక వినోదము. అతని వీధిలో మంత్రగాడని పేరుపడినవాడు ఎవడును లేడు. పల్లెలోని పాఠకునకో, అట్టి పేరు మోయుచున్న మనుష్యుడు నాలుగిండ్ల అవతలనే యున్నాడు.

ఈ సందర్భమున అమెరికా దేశపు నవల యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది. విలియం పీటర్ బ్లాటీ 1971లో వ్రాసిన 'ది ఎక్సార్సిస్ట్'లోను ఒక చిన్నపిల్లయే పీడింపబడును. అచ్చటను వైద్యులు వచ్చి, ఓడి, పోవుదురు. తుదకు రోమన్ కథోలిక మతగురువులు తమ సంప్రదాయ విధి చొప్పున పిశాచమును ఎదుర్కొందురు. 1973లో అది చలనచిత్రమై లోకమంతయు భయపడుచునే చూచినది. 'తులసిదళం'పై దాని నీడ కలదని మన విమర్శకులు తొలినాటి నుండియు అనుచునే యున్నారు. నాకు పోలికకంటె భేదము ముఖ్యముగా కనబడుచున్నది. బ్లాటీ కథలో దోషి ఒక పిశాచము. అది ఎవరి పొరుగునను కాపురముండదు. దానికి పొలము లేదు, గట్టు తగాదా లేదు, ముసలి భార్య లేదు. ఆ నవల చదివి దడిసిన వాషింగ్టను పాఠకుడు మరునాడు ఎవరి ద్వారము మీదికిని పోయి తలుపు కొట్టనక్కరలేదు. చేతబడి కథలో దోషి మనుష్యుడు. భయము కథ నుండి బయటికి వచ్చినప్పుడు దానికి ఒక ముఖము, ఒక ఇల్లు, ఒక కులము, ఒక పేరు కావలెను.

ఆ పేరు ఎట్లు దొరకునో ఓరుగల్లు మండలమున పుట్టిపెరిగిన వారికి వివరించి చెప్పనక్కరలేదు. నిలువని జ్వరము, ఉన్నట్టుండి కన్నులు తేలవైచి నోట నురుగు గ్రక్కు బిడ్డ, పొదుగు ఎండిన బర్రె, చెట్టంత కొడుకు నెలలోపల ఆరిపోవుట. మహాదేవపూరు, పలిమెల అడవిపల్లెలలో మెదడున కెక్కు మలేరియా జ్వరమే పిశాచమువలె మనుష్యుని వశము తప్పించి మాటలాడించును. మూర్ఛరోగము, క్షయ, ప్రసవానంతరమున తల్లి మనస్సు కలతపడుట, ఇవి యన్నియు వైద్యునకు పేర్లు గల వ్యాధులు; వైద్యుడు ఇరువది మైళ్ల దూరమున నున్నప్పుడు ఇవి యన్నియు ఒక్క పేరు దాల్చి "మంత్రాలు చేసిన్రు" అను మాటగా మారును. తరువాత, చేసినవాడెవడు? పాలివారి తగవులో నోరు జారినవాడు, అప్పు తిరిగి యిమ్మని అడిగినవాడు, వేరుమందులు తెలిసిన ముసలివాడు, బిడ్డలు లేని వితంతువు, ఒంటరిగా తనలో తాను మాటలాడుకొనునట్టి అమ్మ. పంచాయితి పెట్టుదురు. మంత్రము పలుకకుండ పండ్లు ఊడగొట్టుదురు. చెట్టునకు కట్టుదురు. కిరసనాయిలు పోసి నిప్పంటించిన సంఘటనలును తెలంగాణమున జరిగినవి. పత్రికలలో మనము చదివినవే. చంపినవారు దుష్టులు గారు, మనవంటివారే, బిడ్డ చచ్చిపోవుచున్నదను భయమున నున్నవారే యని తెలిసికొన్నప్పుడు గుండె మరింత బరువెక్కును.

ఒక నవల చదివి ఒకడు మరొకని చంపెనని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుటకు నాకు ఆధారము లేదు. ఈ హింస ఆ నవలకు ఎంతో ముందునుండియే యున్నది, అక్షరము రాని వారిలోను ఉన్నది. కాని అప్పటికే మండుచున్న పొయ్యి దగ్గరకు ఎవడు ఏమి తెచ్చినను, తెచ్చినది ఏమో చూచుకొనవలెను గదా.

రచయిత్రి రంగనాయకమ్మ ఈ నవలపై చూపిన కోపము ఈ స్థలము నుండి పుట్టినది. 'రామాయణ విషవృక్షము' వ్రాసి, మతగ్రంథమును ప్రశ్నించుటలో తానే ఎన్నో నిందలు మోసిన ఆమె, 'తులసిదళం'ను విడువలేదు. అశాస్త్రీయమైన నమ్మకమునకు శాస్త్రపు ముసుగు వేసి అమ్మినారని, చదువుకొన్నవారు చదువురానివారి భయమును సరకు చేసికొనిరని, తన సహజమైన తీవ్రతతో, పేరెత్తి, పంక్తి పంక్తిని పట్టి విమర్శించినది. ఆ విమర్శ పత్రికలలో ఆగక పరువునష్టపు వ్యాజ్యముల దాకా పోయినది. ఆమె భాష పరుషమని అప్పుడు అన్నవారు కలరు. నాకును కొన్నిచోట్ల పరుషముగనే తోచినది. అయినను ఒక జనప్రియ నవలను పట్టి ఇంత శ్రద్ధగా చదివి, దాని వలన ఎవరికి నష్టమో అడిగిన విమర్శ తెలుగున అంతకుముందు అరుదు. నవలను మెచ్చినవారు చేసిన పొగడ్త ఆ వారముతోనే చల్లారినది. ఆమె వేసిన ప్రశ్న నలువది యేండ్ల తరువాతను చల్లారలేదు. సాహిత్యమునందలి వాదము న్యాయస్థానమునకు పోకుండ, పత్రికాపుటలలోనే సమాధానము పొందియున్నచో తెలుగు పాఠకులకు ఎంతయో మేలు జరిగియుండెడిదని నా దృఢవిశ్వాసము.

భక్తులు ఈ నవలపై చేయదగిన అసలు ఫిర్యాదు మరొకటి యున్నది. అది తగినంతగా వినబడలేదు. ఇట్టి నవలలలో మతమనగా భయమే. ఎముకలు, బొమ్మలు, సూదులు, శ్మశానము, నిమ్మకాయలు. మన జనుల భక్తి అట్టిదేనా? భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత వచ్చి గోదావరిని కలియు కాళేశ్వరమున, ఒకే పానవట్టముపై కాలునకును ముక్తీశ్వరునకును రెండు లింగములు వెలసియున్నవి. మృత్యువును ఎదుట పెట్టుకొని, దాని ప్రక్కనే విడుదలను గూడ కొలుచుచున్న జనము మనది. మానుకోటకు దగ్గరనున్న కురవి వీరభద్రుడు ఉగ్రమూర్తియే. అయినను ఆయన గుడికి వచ్చువారు దడిసి రారు, ఇంటి పెద్ద యొద్దకు వచ్చినట్లు బిడ్డల నెత్తుకొని వత్తురు. బమ్మెర పోతన యూరు నుండి ఎన్నడైనను భయము పుట్టినదా? మతమును కథావస్తువుగా గైకొనిన ఉత్కంఠరచయిత దానిలోని చీకటిని మాత్రమే ఏరుకొన్నచో, మంత్రమున్నదా లేదా అను ప్రశ్నకు ముందే, ఆ మతమునకును అన్యాయము చేసినవాడగును.

ఇప్పుడు మరొక నవలను, మరొక కలతను తలచుకొందము. డాన్ బ్రౌన్ 2003లో ప్రచురించిన 'ది డావిన్సీ కోడ్' క్రీస్తు మగ్దలేనే మరియను వివాహమాడెననియు, చర్చి ఆ రహస్యమును శతాబ్దములు దాచినదనియు కల్పించిన కథ. 2006లో అది చలనచిత్రమై మన దేశమునకు వచ్చినది. సెన్సారు వారు అనుమతించిన తరువాత, క్రైస్తవ సంఘముల అభ్యర్థనలపై నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, 1955 నాటి చలనచిత్రశాలల చట్టము క్రింద, ఆ యేటి జూన్ ఆరంభమున ప్రదర్శనను నిషేధించినది. ఉన్నతన్యాయస్థానము ఆ నెలలోనే నిషేధమును కొట్టివేసినది: వచ్చిన అభ్యర్థనలను ఆధారము చేసికొని, తాను స్వయముగా విచారింపకయే ప్రభుత్వము ఆజ్ఞ వెలువరించినదని న్యాయమూర్తి తప్పుపట్టినారు. చిత్రము నిషేధింపబడియున్న దినములలోను, అదే కథ గల నవల పుస్తకముల దుకాణములలో అందరికిని దొరకుచునే యుండెను.

క్రైస్తవ సోదరుల నొప్పిని నేను తేలికగా తీసివేయుట లేదు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లుకు పోయి చూచినవారు దానిని తేలికగా తీసివేయలేరు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తమిళదేశపు తిరునల్వేలి నుండి వచ్చి, తెలుగు నేర్చి, మాల మాదిగ పల్లెలలో తిరిగి కట్టుకొన్న సంఘమది. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన అచ్చటి ప్రధానాలయమును చూడుడు: మసీదును తలపించు గుమ్మటములు, దేవాలయమును తలపించు స్తంభములు, వానిపై తామరలు, వాని నడుమ సిలువ. ఊరిబావి దగ్గరకు రానీయబడని వారికి బడియు, వైద్యమును, తలయెత్తి నిలుచు చోటును ఆ మతము ఇచ్చినది. అట్టివారికి తమ విశ్వాసము ఒక కుట్రలో పుట్టినదని చెప్పు కథ వినబడినప్పుడు గుండె కలుక్కుమనుట సహజము. అయినను, అంత శ్రమతో లేచిన విశ్వాసము ఒక నవల ఊదినంతనే ఆరిపోవునని భావించి నిషేధము విధించుట, ఆ విశ్వాసమును అల్పముగా లెక్కించుటయే. కథ తప్పని బోధకులు ఆరాధనలో చెప్పవచ్చును, పత్రికలలో వ్రాయవచ్చును. లోకమంతట పెక్కు చర్చిలు చేసినదియు అదియే.

ఈ రెండు ఉదంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నన్ను కలచివేయునది ఒక్కటి. 2006లో మనస్సు నొచ్చినవారికి సంస్థ యున్నది, పెద్దలున్నారు, వినతిపత్రము వ్రాసి మంత్రుల యొద్దకు పోగల దారి యున్నది. ప్రభుత్వము దినములలో కదలినది. చేతబడి కథలు ప్రబలుటవలన ప్రమాదమునకు లోనగువానికి, ఊరి చివర ఒంటరిగా నున్న ఆ ముసలివానికి, ఆ వితంతువునకు, ఏ సంఘమును లేదు. "మేము మంత్రగాండ్రము కాము" అని వినతిపత్రము వ్రాయు కూటమి లోకములో ఎచ్చటను లేదు. వారి పక్షమున మాటలాడినది హేతువాదులు, జనవిజ్ఞానవేదికవంటి సంస్థలవారు, కొందరు వైద్యులు, కొందరు ఉపాధ్యాయులు, ఒక రంగనాయకమ్మ. నొప్పి కలిగించు పుస్తకమును గూర్చి మనము పడిన ఆరాటములో సగమైనను హాని కలిగించు నమ్మకమును గూర్చి పడలేదు.

పుస్తకములపై కలహము ఈ నేలకు క్రొత్త గాదు. జనగామ జిల్లాలోని పాలకురికి పేరు ధరించిన సోమనాథుడు ద్విపదలో బసవపురాణము రచించినప్పుడును భిన్నాభిప్రాయములు పుట్టినవి. ఓరుగంటి స్వయంభూదేవాలయమున జనులు ఆ పురాణమును వినుచుండగా ప్రతాపరుద్ర చక్రవర్తి అచ్చటికి వచ్చి ఇదేమని విచారించెననియు, ప్రక్కనున్న పండితుడొకడు ఇది నిన్నమొన్న పుట్టిన గ్రంథము, ద్విపద, ఛందోనియమము సరిగా లేదు, ప్రమాణము కాదు అని రాజును మరలించెననియు పిడుపర్తి సోమనాథుడు చెప్పినాడు. ఎచ్చట చెప్పినాడో గమనింపుడు: అదే బసవపురాణమును తాను పద్యములలోనికి మార్చిన కావ్యములోనే చెప్పినాడు. గ్రంథమును ప్రేమించినవాడే గ్రంథముపై వచ్చిన నిందను కూడ మూటగట్టి తరువాతివారికి అప్పగించినాడు. ఆ నింద లేకున్నచో, ఆ పురాణమును వినిన సామాన్యజనులెవరో, దానిని సహింపలేని పండితులెవరో మనకు తెలియకపోయెడిది.

నేను కోరునదియు ఇంతియే. 'తులసిదళం'ను ఏ గ్రంథాలయమునుండియు తీసివేయవద్దు. దాని నాల్గవ ముద్రణమో నలువదియవ ముద్రణమో ఎవరు కొన్నను కొననిండు. కాని జనగామలోను, మానుకోటలోను, భూపాలపల్లిలోను శాఖాగ్రంథాలయముల బీరువాలో ఆ నవల ప్రక్కనే దానిపై వచ్చిన విమర్శయు నుండవలెను. చదువు వచ్చిన పిల్లలు రెండింటిని ఒక్క వారములో తీసికొనిపోవలెను. ఒక సాయంకాలము గ్రంథపాలకుడు ఆ చదివినవారిని పిలిచి కూర్చుండబెట్టవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని, ఆశా కార్యకర్తను, పల్లెలో వేరుమందులిచ్చు పెద్దను గూడ పిలువవలెను. మూర్ఛ యెట్లు వచ్చునో, జ్వరము మెదడున కెక్కిన బిడ్డ ఎట్లు మాటలాడునో, ఎంతసేపటిలో దవాఖానకు చేర్చవలెనో అచ్చటనే చెప్పింపవలెను. సభలో మొదటి మాట నవలను మెచ్చినవారికే ఇయ్యవలెను, ఏలయన వారిని చులకన చేసి మొదలుపెట్టిన సభకు వారు రెండవమారు రారు, వారు రానిచో ఆ భయమును గూర్చి మనము మనతోనే మాటలాడుకొన్నట్లగును.